పేరు రాయని చీటీ

మోరిస్‌విల్‌లో చక్రధర్ నడిపే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళే అలవాటున్నవాళ్ళకి వీరాంజనేయులు పేరు తెలియకపోయినా ఆయన చేతిరాత తెలిసే ఉంటుంది. కూరగాయల దగ్గర ప్రతి బుట్టకీ ఒక తెల్ల అట్టముక్క గుచ్చి ఉండేది. పైన గుండ్రటి అక్షరాలతో ‘దొండకాయ’ అనో ‘చిక్కుడుకాయ’ అనో పేరు. దాని కింద అది ఎక్కడినుంచి వచ్చింది, ఏ రోజు దిగింది. ధర మాత్రం ఎక్కడో మూలన, కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్నగా.

చక్రధర్ మొదట్లో తల పట్టుకున్నాడు. “అంకుల్, ఇది మ్యూజియం కాదు, దొండకాయలు. రేటు పెద్దగ రాయుండ్రి” అనేవాడు.

“రాసినా కదప్పా, చూడు, ఆడ ఉండాది” అని ఆయన మూలన చూపించేవాడు. నెల రోజులయ్యాక చక్రధర్ నోరు మూసుకున్నాడు. జనం ఆ అట్టల్ని ఫోటోలు తీసుకుని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకుంటుంటే ఎవరు మాత్రం కాదంటారు. పిల్లలు ఆయన్ని లేబుల్ అంకుల్ అనేవాళ్ళు.

ఈ లేబుళ్ళ రోగం అమెరికాలో అంటుకున్నది కాదు. వీరాంజనేయులు కర్నూల్లో ఒక డిగ్రీ కాలేజీలో ముప్ఫై నాలుగేళ్ళు జియాలజీ ల్యాబ్ అటెండర్‌గా పనిచేశాడు. అద్దాల బీరువాల్లో ఆరువందల చిల్లర రాళ్ళు ఉండేవి. ఒక్కో రాయికి ఒక్కో చిన్న అట్టపెట్టె, పెట్టెలో ఒక చీటీ. చీటీ మీద నాలుగు వరసలు: పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారు. రాసింది వీరాంజనేయులు చేయి. నాలుగో వరసలో మాత్రం ఎప్పుడూ లెక్చరర్ల పేర్లే. ఎండలో కొండలెక్కి సంచీ మోసుకొచ్చింది ఈయనే అయినా, సేకరించినవారు ఆయనెట్లా అవుతాడు? ఆయన అటెండరు.

ఆ ల్యాబ్‌లో ఆయనకొక పట్టుదల ఉండేది. ఒకసారి ఎవడో కుర్రాడు ఎర్రటి గార్నెట్ ముక్క కొట్టేశాడు. వీరాంజనేయులు ఆ ఖాళీ పెట్టెని బీరువాలోంచి తీయలేదు, అందులో చీటీని కూడా తీయలేదు. పదేళ్ళ తర్వాత ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దాయన, “రాయి లేకుండా చీటీ ఎందుకయ్యా?” అని అడిగితే, “ఉన్నిందని తెలియాల కదా సార్” అన్నాడు. ఆ కథ ఆయన ఇంట్లో కనీసం వంద సార్లు చెప్పుంటాడు. నూటొకటోసారి వచ్చేసరికి భార్య వసంతలక్ష్మి లేచి గిన్నెలు కడుక్కోవడానికి పోయేది.

వసంతలక్ష్మి నోరున్న మనిషి. మనసులో ఏమీ దాచుకోదని చుట్టాలు మెచ్చుకుంటారు గానీ, దాచుకోవాల్సినవి కూడా దాచుకోకపోవడం ఆమె కష్టం. కూతురు పూజిత గ్రీన్ కార్డ్ చేయించి ఇద్దర్నీ ఇక్కడికి తెచ్చి ఐదేళ్ళయింది. వచ్చిన వారంలోనే ఆయన ఇంటి ముందు చెట్ల మొదట్లో పోసిన తెల్ల గులకరాళ్ళని చేతిలోకి తీసుకుని చూసి, “ఇవి కొన్న రాళ్ళే. వీటికి ఊరు లేదు” అని పారేశాడు. “మనకు మాత్రం ఉండాదా?” అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఆయన చక్రధర్ స్టోర్‌లో పనికి కుదిరాడు. ఊరికే కూర్చోలేక కుదిరాడు అని పూజిత అందరికీ చెప్పుకునేది.

పోయినేడాది థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి అందరూ కలిసి టాప్‌సైల్ బీచ్‌కి వెళ్ళారు. రాలీ దాటి రెండున్నర గంటల డ్రైవ్. చలిగాలి మొహాన కొడుతుంటే వసంతలక్ష్మి శాలువా కప్పుకుని కార్‌లోనే కూర్చుంది. పూజిత, అల్లుడు హర్షవర్ధన్, మనవరాలు అనిక నీళ్ళ అంచున పరిగెడుతుంటే, ఆయన ఒక్కడే వంగి వంగి నడుస్తూ కనిపించాడు. గంట తర్వాత గుప్పిట బిగించుకుని కారు దగ్గరికి వచ్చాడు.

గుప్పిట్లో నల్లగా, నున్నగా, అరచేతిలో సరిపోయేంత రాయి. ఒక పక్క ఉబ్బుగా ఉంది. ఇంకో పక్క అంచు లోపలికి చుట్టుకుని, నడుమ లోతుగా సందు ఉంది. పూరీ పిండిని మధ్యకి మడిచి వదిలేసినట్టుంది.

ఆయన దాన్ని ప్యాంటుకి తుడిచి నాలుక కొనతో తాకించాడు. వెంట వచ్చిన అనిక కళ్ళు మూసుకుంది. “తాతా, గ్రోస్. డోంట్ లిక్ ఇట్.”

“పాత ఎముకైతే నాలుకకి అతుక్కుంటుందమ్మా. మా సార్ చెప్పినాడు. ఇది అతుక్కోల్యా” అన్నాడు ఆయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూసి వసంతలక్ష్మికి నవ్వొచ్చింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి.

అక్కడినుంచి ఇంట్లో రాయి పరీక్షలు మొదలయ్యాయి. వంటగదిలో వెనిగర్ సీసా మాయమైంది. రాయి మీద చుక్క వేసి, నురగ రాలేదు కాబట్టి సున్నపురాయి కాదన్నాడు. గోరుతో గీశాడు, రాగి పెన్నీతో గీశాడు, కూరలు తరిగే చాకుతో గీశాడు. గీసిన ప్రతిసారీ నోటుబుక్‌లో రాసుకున్నాడు. గరాజ్‌లో మిగిలిపోయిన బాత్రూమ్ టైలు వెనక రుద్ది ఏ రంగు గీత పడుతుందో చూశాడు. స్టోర్‌కి తీసుకెళ్ళి కూరగాయల కాటా మీద ఒకసారి మామూలుగా, ఒకసారి దారం కట్టి నీళ్ళలో వేలాడదీసి తూచాడు. మామూలు రాయికన్నా కాస్త బరువే ఉంది. ఇనుపరాయి మాత్రం కాదు. ఏది కాదో అన్నీ తేలాయి, ఏమిటో మాత్రం తేలలేదు.

అప్పుడు కత్తెరతో ఒక తెల్ల చీటీ కత్తిరించాడు. పేరు అని రాసి పక్కన ఖాళీ వదిలాడు. దొరికిన చోటు: టాప్‌సైల్ బీచ్, నార్త్ కరోలినా. తేదీ వేశాడు. నాలుగో వరస రాసేముందు చేతులు కడుక్కుని వచ్చాడు. సేకరించినవారు: కె. వీరాంజనేయులు. ఆ చీటీని ఒక చిన్న అట్టపెట్టెలో పెట్టి, దాన్ని ఖాళీ బిస్కట్ డబ్బాలో దాచాడు.

“పేరు రాయకుండా చీటీ ఏంది?” అంది వసంతలక్ష్మి.

“తెలిసినంక రాస్తా. తెలియకుండా రాస్తే అబద్ధమైతాది.”

సంక్రాంతి వెళ్ళాక పూజిత రాలీలోని మ్యూజియంకి ఫోటోలు ఈమెయిల్ చేసింది. అటూ ఇటూ తిప్పి, పక్కన స్కేల్ పెట్టి ఆరు ఫోటోలు ఆయనే తీయించాడు. మ్యూజియం నుంచి ఒకావిడ జవాబిచ్చింది. ఫోటో చూసి చెప్పలేమనీ, ఫిబ్రవరి రెండో శనివారం పదకొండింటికి రాయి తీసుకురమ్మనీ రాసింది. ఆ రోజుకి ఇంకా మూడు వారాలుంది. ఆయన క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గుండ్రంగా గీశాడు. షర్ట్ ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు.

ఆ శనివారానికి ముందొచ్చిన ఆదివారం, హర్షవర్ధన్ ఆఫీస్ స్నేహితులు నలుగురు భోజనానికి వచ్చారు. వీరాంజనేయులు రాయి తీసుకొచ్చి చూపించాడు, పరీక్షలన్నీ చెప్పాడు, చీటీ చూపించాడు. వాళ్ళు మర్యాదగా విన్నారు. ఒకతను టేబుల్ కింద ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన అది గమనించకుండా మొదటినుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు. వడ్డిస్తున్న వసంతలక్ష్మికి తల కొట్టేసినట్టయింది.

వాళ్ళు వెళ్ళాక పళ్ళేలు సింక్‌లో పడేస్తూ అనేసింది. “ముప్ఫై నాలుగేండ్లు వాళ్ళ రాళ్ళు తుడిచినారు. చాలదా? ఈడ కూడా నవ్వులపాలు కావల్లా? మీ పేరు ఎవరేస్తారు? అటెండర్ పేరు యాడన్నా వేస్తారా?”

 ఆయన చీటీని పెట్టెలో పెట్టి, పెట్టెని బిస్కట్ డబ్బాలో పెట్టి మూత నొక్కాడు. రాయిని మాత్రం జాకెట్ జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత మూడు రోజులూ ఇద్దరి మధ్యా కాఫీ, ఉప్పు, తలుపు వేయి అనే మాటలే నడిచాయి. శనివారం మ్యూజియంకి తనూ వెళ్ళి, అక్కడ అందరి ముందూ ఒక మంచి మాట అని సరిచేసుకోవాలని వసంతలక్ష్మి లోపల్లోపల అనుకుంది. ఆమెకి క్షమించమని అడగడం చేతకాదు. పక్కన నిలబడడం చేతనవును.

బుధవారం మధ్యాహ్నం స్టోర్‌లో అరటికాయల బుట్ట సర్దుతూ వీరాంజనేయులు పక్కనున్న బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. చక్రధర్ నీళ్ళు తెచ్చేసరికి ఆయన తల గోడకి ఆనుకుని ఉంది. ఆంబులెన్స్ ఐదు నిమిషాల్లో వచ్చింది. ఐదు నిమిషాలు కూడా ఆలస్యమే అయింది.

శుక్రవారం ఫ్యూనరల్ హోమ్‌లో దహనం. కార్పెట్ పరిచిన హాలు, వరసగా కుర్చీలు, గోడకి సముద్రం బొమ్మ. పక్క ఊరు కేరీ నుంచి వచ్చిన పంతులుగారు తన సంచీ విప్పి దర్భలు, నువ్వులు తీసి పెట్టుకుని, “రాయి తెచ్చారా?” అని అడిగారు.

ఎవరికీ తెలియదు. పంతులుగారు మెల్లగా చెప్పారు. శ్మశానంలో ఒక రాయి తీసుకుంటారు. పోయినాయన్ని అందులోకి పిలుస్తారు. పదో రోజు దాకా ఆయన ఆ రాయిలోనే ఉన్నట్టు భావించి నీళ్ళూ అన్నమూ దానికే పెడతారు. పదో రోజు దాన్ని నీళ్ళలో వదిలేస్తారు.

హర్షవర్ధన్ బయటికి పరిగెత్తాడు. కర్మ చేస్తున్నది అతనే. పార్కింగ్ లాట్ అంతా తారు, చెట్ల కింద చెక్కపొట్టు. పది నిమిషాలు తిరిగి వట్టి చేతుల్తో వచ్చాడు. పూజిత చలికి నాన్న జాకెట్ తొడుక్కుని ఉంది. హాస్పిటల్ వాళ్ళు ఆయన బట్టలు ఒక ప్లాస్టిక్ సంచీలో పెట్టి ఇచ్చినప్పటినుంచి దాన్ని ఒంటి మీంచి తీయలేదు. జేబులో చేయి పెట్టింది. చేయి బయటికి తీసి తల్లి ముందు చాపింది.

“అమ్మా, నాన్న దగ్గరే ఉంది. ఇది ఇద్దామా?”

వసంతలక్ష్మి ఆ రాయిని చూసింది. మర్నాడే శనివారమని ఆమెకి గుర్తుంది. కానీ తీసుకెళ్ళే మనిషే లేనప్పుడు ఆ రాయి ఎవరికి చూపించాలి? కడదాకా ఆయన పట్టుకున్నది ఇదే. ఆయన వచ్చి ఉండాలంటే దీన్లోనే ఉంటాడు, వేరే ఏ రాయిలోకీ రమ్మన్నా రాడు. అలా అనుకుని తలూపింది. పంతులుగారు దాన్ని తెల్లగుడ్డలో చుట్టి నీళ్ళు చల్లారు.

ఇంట్లో పొగ వస్తే అలారం మోగుతుందని, కర్మకి గరాజ్‌లో చోటు చేశారు. కారు బయట పెట్టి, అనిక సైకిల్ గోడకి జరిపి, అల్యూమినియం ట్రేలో ఇసక పోసి మధ్యలో రాయిని నిలబెట్టారు. పొద్దున్నే హర్షవర్ధన్ తడిబట్టతో వణుకుతూ నువ్వులు, నీళ్ళు వదిలి ఆఫీస్‌కి వెళ్ళేవాడు. పూజిత ఒక చేత్తో ల్యాప్‌టాప్ పట్టుకుని కూడా ఏడ్చేది. మధ్యాహ్నాలు వసంతలక్ష్మి గరాజ్‌లో మడతకుర్చీ వేసుకుని ఆ రాయి ముందు కూర్చునేది.

శనివారం పదకొండు గంటలకి ఆమె అక్కడే ఉంది. గోడ గడియారం వైపు చూసింది, రాయి వైపు చూసింది. ఇస్త్రీ షర్ట్ అల్మారాలో అలాగే వేలాడుతోంది. 

మర్నాటినుంచి మాటలు మొదలయ్యాయి. చక్రధర్ వచ్చి ఏడ్చిపోయాడని చెప్పింది. కూరగాయల అట్టలు తీయనన్నాడని చెప్పింది. ఇండియానుంచి ఎవరెవరు ఫోన్ చేశారో, ఎవరు చేయలేదో చెప్పింది. “మీరున్నప్పుడు ఇంతసేపు నా మాట ఎప్పుడన్నా విన్నారా?” అని కోప్పడింది. మళ్ళీ తనే, “నేను మాత్రం మీ మాట విన్నానా” అంది.

ఐదోరోజునో ఆరోరోజునో ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది. రాయికి దగ్గరగా వంగింది. గరాజ్ తలుపు మూసే ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించింది.

“ఆ ఆదివారం నేనన్న మాట తప్పు. మీ చేతిరాత చూసే నేను పెండ్లికి ఒప్పుకున్నా. మా నాయనకి మీరు రాసిన జాబు ఉండాదే, దాన్ని చూసి. మీతో ఎప్పుడూ చెప్పల్యా. ఆ చీటీలో మీ పేరు చూసినప్పుడు నాకు సంతోషమే అయింది. అట్ల ఎందుకన్నానో నాకు తెల్దు. వినపడుతోందా మీకు?”

రాయి ఇసకలో నల్లగా నిలబడి ఉంది. ఆమె చాలాసేపు ఎదురుచూసింది. ఏం జరగాలని చూసిందో ఆమెకే తెలియదు. లేచి కొంగుతో దాని మీది నువ్వులు తుడిచింది. ఆ తర్వాత రోజూ అదే మాట చెప్పింది, ఒక్కోరోజు ఒక్కోలా.

తొమ్మిదోరోజు పంతులుగారు వచ్చినప్పుడు అడిగింది. “దీన్ని దాచుకోవచ్చునా స్వామీ?”

ఆయన మంచివాడు, కసురుకోలేదు. “దాచుకుంటే ఆయన దారి ఆగిపోతుందమ్మా. మీకోసం ఆయన్ని ఆపుతారా?” అన్నారు.

 ఇన్నేళ్ళూ ఆమె భర్తని అన్నిటికీ ఆపుతూనే వచ్చింది. కొండకి పోతానంటే ఎండన్నది, ఊరికి పోతానంటే ఖర్చన్నది. ఈసారికి ఆపకూడదు అనుకుంది.

పారే నీళ్ళో సముద్రమో అయితే మంచిదని పంతులుగారు అంటే, పూజితే ఆ బీచ్ మాట తెచ్చింది. పదోరోజు పొద్దున్నే బయల్దేరారు. హర్షవర్ధన్ మోకాళ్ళ లోతు చల్లటి నీళ్ళలోకి దిగి, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. పంతులుగారు ఫోన్ స్పీకర్‌లో మంత్రం చెప్పారు. “భుజం మీదుగా వెనక్కి వేసేయండి. ఎవరూ తిరిగి చూడకండి. అలాగే వచ్చేయండి” అన్నారు. అతను వేశాడు. గాలి హోరులో అది నీళ్ళలో పడిన చప్పుడు కూడా వినపడలేదు. వసంతలక్ష్మి ఇసక వైపే చూస్తూ కారుదాకా నడిచింది.

పదిహేనోరోజు సాయంత్రం పూజిత వంటగదిలో నిలబడి ఫోన్ చూస్తూ చూస్తూ కింద కూలబడింది. మ్యూజియం ఆవిడ నుంచి ఈమెయిల్. శనివారం మీరు రాలేదు, అంతా బాగానే ఉందని అనుకుంటున్నాను. మీ నాన్నగారు పంపిన ఫోటోలు మా వాళ్ళకి కూడా చూపించాను. అదేమిటో తెలుసనే అనుకుంటున్నాం, కానీ దాని ఆకారం మా డ్రాయర్లలో ఉన్నవాటికి కాస్త వేరుగా ఉంది. ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడాలి. అది మేమనుకున్నదే అయితే, ఆయన ఇష్టపడితే, ఆయన పేరుతో మా రిజిస్టర్‌లో చేర్చుకోవాలని ఉంది.

పూజిత చదివింది చదివినట్టు తెలుగులో చెప్పింది. వసంతలక్ష్మి స్టవ్ కట్టేసింది. కుర్చీ దొరక్క అక్కడే గోడకి ఆనుకుంది.

“వాళ్ళు వేస్తామన్నారు” అంది. “అటెండర్ పేరు ఎవరేస్తారంటి నేను. వాళ్ళు వేస్తామన్నారు. ఇయ్యమని తలూపింది నేనే. నేనన్న మాట నేనే నిజం చేసినా.”

“అమ్మా, అప్పుడు మనకి తెలీదు కదా.”

“ఆయనకి తెలుసు. పేరొక్కటే తెలీదు. అది గొప్పదని ఆయనకి ముందే తెలుసు.”

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. శనివారం తెల్లవారుతూనే పూజితని లేపి, బీచ్‌కి తీసుకుపొమ్మంది. అమ్మా అది ఎలా దొరుకుతుంది, సముద్రం అమ్మా అని పూజిత కారు తాళాలు తీస్తూనే అంది. అయినా వెళ్ళారు. నీళ్ళు వెనక్కి తగ్గే వేళ, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, థ్యాంక్స్‌గివింగ్‌కి కార్‌లో కూర్చుని చూసిన బీచ్‌లో ఆమె మొదటిసారి వంగి నడిచింది. రాయి ఎక్కడ పడిందో చూసిన మనిషి లేడు. హర్షవర్ధన్ ఎక్కడ నిలబడ్డాడో కూడా సరిగ్గా గుర్తులేదు. నల్లగా కనపడిందల్లా ఏరింది. మధ్యాహ్నానికి సంచీలో ఇరవై మూడు అయ్యాయి. వాటిల్లో ఏదీ అది కాదని ఆమెకి చేయి పెట్టినప్పుడే తెలుసు. కానీ కళ్ళ మీద నమ్మకం పోయింది, తెలిసినవాళ్ళు చూడాలి అనుకుంది.

తర్వాతి వారం ఆ సంచీతో మ్యూజియంకి వెళ్ళారు. మ్యూజియం ఆవిడ సన్నగా, పొట్టి జుట్టుతో, కళ్ళజోడు మెడలో వేలాడేసుకుని ఉంది. పూజిత జరిగిందంతా చెప్పింది.  ఆవిడ ఒక్క మాట కూడా అడ్డం రాకుండా విని, టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి సంచీలో రాళ్ళు ఒక్కొక్కటే తీసి పెట్టింది. తారు ముక్క. కాలిన బొగ్గు. గవ్వ ముక్క, నల్లబడింది. మళ్ళీ తారు. ఒకటి సొరచేప పన్ను విరిగిన ముక్క, అది పాతదే. ప్రతిదాన్నీ భూతద్దంతో చూసి, తిప్పి, మర్యాదగా పక్కన పెట్టింది. ఇరవై మూడోది పెట్టాక తల అడ్డంగా ఊపింది.

“రాయి లేకుండా రిజిస్టర్‌లో చేర్చడం కుదరదంట అమ్మా. ఫోటోలు మాత్రం ఆవిడ తన దగ్గర ఉంచుకుంటానంటోంది. చాలా సారీ అంటోంది” అంది పూజిత.

వసంతలక్ష్మి తలూపింది. ఆయన ఉన్నా అదే అనేవాడు, చేతిలో లేనిదానికి నంబరు వేయకూడదని. “అదేందో అయినా చెప్తుందేమో అడుగు. పేరు” అంది.

ఆవిడ లేచి గోడవారన ఉన్న ఇనప బీరువా తెరిచి ఒక డ్రాయర్ లాగింది. లోపల చిన్న చిన్న అట్టపెట్టెలు, ప్రతి దాంట్లో ఒక చీటీ. వసంతలక్ష్మికి ఒక్క క్షణం కర్నూలు ల్యాబ్‌లో ఉన్నట్టనిపించింది. ఆవిడ ఒక పెట్టెలోంచి రాయి తీసి ఆమె అరచేతిలో పెట్టింది. అదే నలుపు, అదే నునుపు. ఒక పక్క ఉబ్బు, ఇంకో పక్క లోపలికి చుట్టుకున్న అంచు. కొంచెం చిన్నది, అంతే. ఆవిడ తన చెవి మీద వేలు పెట్టి చూపిస్తూ ఏదో చెప్పింది.

వసంతలక్ష్మి కూతురి వైపు తిరిగింది.

“ఏందంటాంది?”

“చెవి అంట అమ్మా.” పూజిత ఆ రాయి అంచు మీద వేలు పెట్టింది. “తిమింగలం చెవి లోపలి ఎముక. లక్షల ఏళ్ళ కిందటిది. రాయైపోయింది. మామూలు ఎముకలా నాలుకకి అతుక్కోదంట, అంత గట్టిది. తిమింగలం ఒంట్లో మిగతావన్నీ అరిగిపోయి పోయినా ఇదొక్కటే మిగులుతుందంట.”

వసంతలక్ష్మి చేతిలో ఉన్నదాన్ని చూసింది. గరాజ్‌లో ఎనిమిది రోజులు. మడతకుర్చీ ముందుకి లాక్కుని, గొంతు తగ్గించి చెప్పిన ప్రతి మాటా. వినపడుతోందా మీకు అని అడిగింది కూడా.  ఇన్ని రోజులూ పదిమంది ముందు రాని ఏడుపు, ముక్కూ మొహం తెలియని ఆవిడ ముందు వచ్చేసింది. ఆవిడ కుర్చీ తెచ్చి వేసింది. పూజిత తల్లి భుజాలు పట్టుకుని తనూ ఏడ్చింది. ఆ రాయిని వసంతలక్ష్మి చాలాసేపు వదల్లేదు. తర్వాత తానే దాని పెట్టెలో, దాని చీటీ మీద సరిగ్గా పెట్టింది.

ఇంటికి వస్తూ దారిలో స్టోర్ దగ్గర ఆగారు. దొండకాయల బుట్టకి ఆయన అట్ట అలాగే ఉంది. కాయలు తాజావి, అట్ట మీద తేదీ మాత్రం ఆ బుధవారానిదే. చక్రధర్ దాన్ని మార్చలేదు, ఎవరూ మార్చమని అడగలేదు.

ఇంట్లో ఆమె బిస్కట్ డబ్బా మూత తీసి అట్టపెట్టెని టేబుల్ మీద పెట్టింది. అనిక దగ్గర పెన్ను అడిగి తీసుకుంది. ఆయన గుండ్రటి అక్షరాల పక్కన ఖాళీలో, తన కోడిగెలుకుడు రాతతో, తిమింగలం చెవి అని రాసింది. ‘గ’ కాస్త వంకరపోయింది. కింది మూడు వరసలూ ఆయనవే. నాలుగోది పైకి చదువుకుంది. చీటీని మళ్ళీ ఆ ఖాళీ పెట్టెలో పెట్టి, దాన్ని హాల్లో అందరికీ కనపడేలా ఆయన ఫోటో కింద ఉంచింది.

పూజిత వచ్చి చూసింది. “అమ్మా, అందులో ఏమీ లేదు కదా. ఒట్టి చీటీ ఎందుకు ఇక్కడ? చూసిన ప్రతిసారీ నీకు బాధే.”

వసంతలక్ష్మి పెట్టె అంచుని కొంగుతో తుడిచింది.

“ఉన్నిందని తెలియాల కదమ్మా” అంది.